రాజీకి పంపే వేళ, రాజీ రాసే తీరు
(హనుమకొండలో యువ న్యాయవాదుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

కోర్టుకొచ్చిన కేసులను రాజీ ప్రయత్నానికి పంపే వీలు కల్పించేది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 89వ సెక్షన్. ఇప్పుడున్న ఆ సెక్షన్ 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. అయినా లోక్ అదాలత్ తేదీ దగ్గర పడితే తప్ప మనకు రాజీ గుర్తురాదు. అప్పటికి అన్నదమ్ములిద్దరూ బోనెక్కి, ప్రమాణం చేసి, ఒకరి మీద ఒకరు చెప్పాల్సిందంతా చెప్పేసి ఉంటారు. ఇక ఎవరు దిగొస్తారు?

ఆఫ్కాన్స్ కేసులో 2010లో సుప్రీంకోర్టు సరైన వేళ ఏదో చెప్పింది. ప్రతివాది రాతపూర్వక జవాబు, అంటే జవాబు దావా పడ్డాక, కోర్టు తేల్చాల్సిన అంశాలను (ఇష్యూలను) ఫ్రేమ్ చేయకముందు. కుటుంబ తగాదాలైతే ఇంకా ముందే, నోటీసు అందగానే, దానికి జవాబుగా కౌంటర్ వేయకముందే. కౌంటర్‌లో రాసే నిందలే తర్వాత రాజీకి అడ్డం పడతాయి. మధ్యవర్తే తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్‌కు పంపాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. మధ్యవర్తి సాయంతో ఇరుపక్షాలే మాట్లాడుకుని తేల్చుకునే మీడియేషన్‌కు, లోక్ అదాలత్‌కు కోర్టు తనంతట తానే పంపవచ్చు. సంతకం పెట్టడం, పెట్టకపోవడం మాత్రం కక్షిదారుల ఇష్టం. ఫోర్జరీ, మోసం వంటి తీవ్ర ఆరోపణలున్న కేసులను, ఎన్నికల వివాదాలను పంపకూడదు.

ప్రమాద పరిహారం, చెక్ బౌన్స్, బ్యాంకు బాకీ లాంటివి లెక్క తేలితే తీరిపోతాయి, వాటికి లోక్ అదాలత్ చాలు. పంపకాలు, ఆలుమగల గొడవలు, గట్టు తగాదాలు ఒక్క పూటలో తేలవు. వాటికి మీడియేషనే సరైన దారి.

మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీకి అలవాటుపడ్డవాళ్లు, తప్పెవరిదో మీడియేటర్ చెప్తాడని ఎదురుచూస్తారు. ఆయన తీర్పు చెప్పడు, చెప్పకూడదు కూడా. అక్కడ మాట్లాడుకున్నది బయటికి రాదు. రాజీ కాకపోతే కుదరలేదన్న ఒక్క మాటే కోర్టుకు వెళ్తుంది. ఈ తేడాను ముందురోజే మీ క్లయింటుకు విడమరిచి చెప్పండి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లనే వెంట తీసుకురమ్మనండి.

వ్యాపారుల బాకీల సంగతి వేరు. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుకు జిన్నింగ్ మిల్లు 3 లక్షలో, ఆపైనో పత్తి డబ్బు బాకీ పడిందనుకోండి. అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ ప్రకారం దావాకు ముందే మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. లేకపోతే ప్లెయింటును, అంటే దావా పత్రాన్ని తిరస్కరిస్తారు. 2022లో సుప్రీంకోర్టు పాటిల్ ఆటోమేషన్ తీర్పులో తేల్చింది ఇదే. ఆ మీడియేషన్ నడిచిన కాలం లిమిటేషన్ (దావా వేయాల్సిన గడువు) లెక్కలోకి రాదు కాబట్టి గడువు పోతుందన్న భయం అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రాజీ పత్రం రాసే తీరు. పరకాల వైపు నాలుగెకరాల ఇరవై గుంటలు ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటున్నారనుకుందాం. ‘ముగ్గురికీ సమానంగా’ అని రాసి ముగిస్తే, రోడ్డు పక్క ముక్క ఎవరిదని డిక్రీ అమలు కోసం వేసే ఈపీలో (ఎగ్జిక్యూషన్ పిటిషన్‌లో) మళ్లీ కొట్లాట. ఒక్కొక్కరికి ఎకరం ఇరవై గుంటలని రాయాలి. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, బోరు ఎవరిది, బండి దారి ఎన్ని అడుగులు, అన్నీ ఉండాలి. కొలిపించి గీసిన స్కెచ్ జతచేయాలి. అక్కచెల్లెళ్లుంటే వాళ్లనూ పార్టీలుగా చేర్చండి. వాళ్లు లేని రాజీ వాళ్లను కట్టేయదు. మైనరుంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతి తప్పనిసరి. దావాలో లేని ఇంటిజాగను రాజీలో కలిపితే ఆ మేరకు రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. చాలామంది జారిపడేది ఇక్కడే.

డబ్బు విషయంలో ‘వీలైనంత త్వరగా’ అన్న మాట అసలు రాయొద్దు. ఏ తేదీన ఎంత, ఏ ఖాతాలో, ఒక్క వాయిదా తప్పితే మిగతా మొత్తం వడ్డీతో సహా ఒకేసారి ఎంత కట్టాలి, అన్నీ అంకెల్లో ఉండాలి. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. తర్వాత దిద్దుకుందామంటే కుదరదు. అందుకే సంతకాలకు ముందు ప్రతి షరతూ కక్షిదారుకు తెలుగులో చదివి వినిపించండి, అర్థమైందో లేదో తిరిగి చెప్పించండి. కోర్టు ఫీజు వాపసుకు కావాల్సిన కాగితం కూడా ఆ రోజే అడిగి తీసుకోండి.