ఈ-టైప్ బానెట్: లూవర్లు, తాళాలు, మధ్యలో సీసం గొడవ

కిరణ్: పాత కార్ల మరమ్మతులో ఇవాళ జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు బానెట్, అంటే ఇంజన్ మీది మూత. 1961 నాటి తొలి కార్లు, వెల్డ్ చేసిన లూవర్లు (వేడి గాలి బయటికి పోయే చీలికలు), బయటి తాళాలు. అక్కా, తలుపు అంచు రబ్బర్ల ఊసు లేకుండా పది నిమిషాలన్నా గడుస్తుందా?

లలిత: గడవదు. బానెట్ గ్యాపు తలుపుని బట్టి ఉంటుంది, తలుపు గ్యాపు రబ్బర్ని బట్టి. సరే, లూవర్లు కానివ్వు.

కిరణ్: 1961 మార్చిలో జెనీవాలో కారు బయటికొచ్చింది కదా. ఆ తొలి బానెట్లకి లూవర్లు నేరుగా రేకులో కొట్టినవి కావు. విడిగా నొక్కిన లూవర్ పలకల్ని మధ్య భాగంలో కూర్చి, వెల్డ్ చేసి, అతుకు కనపడకుండా నింపేవాళ్లు. తర్వాత మధ్య భాగంతో పాటే ప్రెస్‌లో కొట్టారు. తేడా తెలియాలంటే బానెట్ ఎత్తి అడుగు నుంచి చూడాలి, అతుకు గీత అక్కడ దొరుకుతుంది.

లలిత: పాత రంగు తీసేటప్పుడే లూవర్లు సగం పాడవుతాయి. ఇసుక బ్లాస్టింగ్ వద్దే వద్దు. అంత వెడల్పు రేకు ఆ దెబ్బలకి సాగి ఉబ్బిందంటే మళ్లీ దారికి తేవడం నరకం. జెల్ స్ట్రిప్పర్ పూసి, ప్లాస్టిక్ బద్దతో గీకి, కడిగి, వెంటనే ఆరబెట్టి ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. మందంగా పడే హై-బిల్డ్ ప్రైమర్ని లూవర్ గాడిలో పేరుకోనివ్వద్దు, అంచు పదును పోతుంది. లూవర్ అడుగు భాగానికి రంగు ముందే వేసేయాలి, బిగించాక స్ప్రే గన్ అందదు.

కిరణ్: ఇక ఆ అతుకు నింపడానికి పుట్టీ చాలదా? కింద ఎపాక్సీ ఉంటే తేమ పట్టదు. ఇప్పటి పుట్టీ పాతకాలం సరుకు కాదు.

లలిత: మళ్లీ మొదలెట్టావ్ ఆ పుట్టీ మాట.

కిరణ్: సరే గానీ, నా ప్రశ్నకి జవాబు చెప్పు.

లలిత: చదును రేకు మీద, రెండు మి.మీ. లోపు అయితే పుట్టీ పెట్టుకో, నేనేమీ అనను. కానీ తలుపు కింది సిల్ వెళ్లి వెనక చక్రం మీది వింగుతో కలిసే చోటు చూడు. అక్కడ ఫ్యాక్టరీ అతుకుని లోపలికి దించి, ఆ గుంటని సీసంతో నింపింది. మూడు నాలుగు మి.మీ. మందం పుట్టీ అక్కడ పెడితే, కారు గతుకులో మెలి తిరిగినప్పుడల్లా అంచు దగ్గర సన్నగా చీలుతుంది. ఆ చీలికలోకి నీళ్లు, కింద తుప్పు. సీసం అలా కాదు, రేకుకి కరిచిపట్టుకుని ఉంటుంది.

కిరణ్: సీసం కింద బుడగలొచ్చిన కార్లు లేవా?

లలిత: ఉన్నాయి. సీసం పట్టడానికి ముందు రాసే ఫ్లక్స్‌లో ఉన్న ఆమ్లాన్ని కడగని కార్లవి. తప్పు సీసానిది కాదు.

కిరణ్: అయితే వరసగా చెప్పు. వినేవాళ్లు రాసుకుంటారు.

లలిత: ముందు రేకు తళతళలాడేదాకా తోమాలి, అతుకు చుట్టూ ఇంకో రెండు అంగుళాల మేర. తగరం, ఫ్లక్స్ కలిసిన కళాయి పేస్టు రాసి, మెత్తటి మంటతో వేడి చేస్తే గోధుమ రంగుకి తిరుగుతుంది. అప్పుడు శుభ్రమైన నూలు గుడ్డతో తుడిస్తే వెండిలా మెరవాలి. ఎక్కడన్నా నల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ సీసం పట్టదు, మళ్లీ కళాయి వెయ్యాలి. తర్వాత 30 పాళ్లు తగరం, 70 పాళ్లు సీసం ఉన్న కడ్డీ. ఇది 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, పూర్తిగా నీరయ్యేది 255 దగ్గర. ఆ మధ్యలో ముద్దలా ఉంటుంది, నిలువు రేకు మీద కూడా నిలుస్తుంది. ఎలక్ట్రికల్ పనికి వాడే 60/40 తెస్తే ఆ ముద్ద దశ ఏడెనిమిది డిగ్రీలే, అంతా నేల మీదకి కారిపోతుంది.

కిరణ్: సీసాన్ని పరిచే చెక్క బద్ద?

లలిత: గట్టి చెక్క, మైనంలో గానీ కొవ్వులో గానీ ముంచుతూ ఉండాలి, లేకపోతే సీసం దానికే అంటుకుంటుంది. మంట ఒక్కచోట నిలపకూడదు, రేకు వంకర పోతుంది. చల్లారాక వంపు పళ్ల బాడీ ఫైలుతో (ఆకురాయితో) సాపు చేసి, ఆమ్లం పోయేలా బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, ఆ మైనమంతా సాల్వెంట్‌తో తుడవాలి. మైనం మిగిలితే రంగు పట్టదు.

కిరణ్: శాండర్ మిషను పెట్టి అరగదీస్తే తొందరగా అవుతుంది కదా.

లలిత: వద్దు కిరణ్. ఇది సరదా మాట కాదు. ఫైలు పెడితే పొట్టు పడుతుంది, ఊడ్చి డబ్బాలో వేసుకోవచ్చు. శాండర్ పెడితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సన్నని దుమ్ముని ఆపే పీ3 మాస్కు, పని బట్టలు వేరు, షెడ్డులో తిండీ టీ లేవు, ఆ బట్టలు పిల్లలున్న ఇంట్లోకి రావు. తరచూ చేసేవాళ్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి.

కిరణ్: …సరే. ఆ మాట ఒప్పుకుంటా. కానీ లూవర్ పలక అతుకుకి నేను ఎపాక్సీ, దాని మీద పలుచగా పుట్టీ అనే అంటా. అంత మంట పెడితే మధ్య భాగం వంకర పోయే భయం ఎక్కువ.

లలిత: అక్కడ నీతో గొడవ లేదు, చెయ్యి తిరగనివాళ్లకి అదే మేలు. సిల్ అతుకు మాత్రం సీసమే.

కిరణ్: టైమ్ అయిపోతోంది, తాళాలు. సుమారు తొలి 500 కార్లకే బానెట్ పక్కల్లో బయటి తాళాలు, టీ ఆకారపు తాళంచెవితో తిప్పేవి. తర్వాత లాచ్‌లు కారు లోపలికి పోయాయి. మధ్యలో బానెట్ మార్చేసిన కారైతే ఆ రంధ్రాలు ఉండవు. తాళాలకి రంధ్రాలు కొయ్యకముందు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ సర్టిఫికెట్ తెప్పించుకుని, తయారీ తేదీ, బాడీ నంబరు చూడాలి. ఆ తొలి 500 వరసలో లేని కారుకి కొయ్యొద్దు.

లలిత: కొయ్యడం కూడా ఆఖర్న. తలుపుకి కొత్త రబ్బరు…

కిరణ్: వచ్చేసింది!

లలిత: కొత్త రబ్బరు పాతదానికన్నా గట్టిగా ఉంటుంది, తలుపుని బయటికి తోస్తుంది. రబ్బరు లేకుండా 4 మి.మీ. గ్యాపు కుదిర్చి రంగు వేశాక రబ్బరు పెడితే అంతా మారిపోతుంది. బండి బరువు సస్పెన్షన్ మీద ఉంచి, రబ్బర్లతో తలుపులు, ఆ తలుపులకి బానెట్, ముందు హింజ్ దగ్గర సందు సరిచేసే పలుచని షిమ్ములు. అన్నీ కుదిరాక తాళానికి లోపలి నుంచి 3 మి.మీ. బెజ్జం, దాన్ని బయటి నుంచి పెంచడం.

కిరణ్: బానెట్ పక్క వింగులకీ మధ్య భాగానికీ నడుమ క్రోమ్ పట్టీ, అదే బీడింగ్?

లలిత: బోల్టులన్నీ వదులుగా పెట్టి, బీడింగ్ కూర్చోబెట్టి, మధ్య నుంచి చివరలకి బిగించాలి. ఒక చివర నుంచి మొదలెడితే రెండో చివర ఎగుస్తుంది.

కిరణ్: బానెట్ లోపల గాలి దారికి ఉండే డక్టు ప్యానెళ్లు? అవి వెల్డ్ చేస్తున్నారు కొందరు.

లలిత: అయ్యో, వాటి అంచులు పై రేకుకి అంటించినవి రా! వెల్డ్ చేస్తే ఆ మచ్చ పైకి తేలుతుంది, ఎంత పాలిష్ చేసినా ఎండలో కనపడుతుంది. ప్యానెల్ బాండ్ అనే జిగురు వాడాలి, బిగించిన క్లాంపు రేకుని లాగకుండా…

కిరణ్: అక్కా, రికార్డింగ్ కార్డు నిండిపోతోంది.

లలిత: …లాగకుండా, ఊరికే ఆనేంత బిగువు చాలు.