కంటైనర్ లోపల ఎస్ఎస్‌హెచ్ ఎందుకు ఉండకూడదు?

[తెరపై: డాకర్‌ఫైల్, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసే వరుస]

నమస్కారం. వర్చువల్ మెషీన్లకు అలవాటుపడినవారు చాలామంది కంటైనర్, అంటే అప్లికేషన్‌ను దాని అవసరాలతో కలిపి విడిగా నడిపే పొట్లం, చేతికి రాగానే అందులో ఎస్ఎస్‌హెచ్ సర్వర్, అంటే దూరం నుంచి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామ్, పెడతారు. అంతా బాహాటంగా పంపే పాత టెల్నెట్ కాదు కదా, పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళుతుంది కదా అన్నది వారి ధీమా. అయినా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, 2017లో వెలువరించిన కంటైనర్ భద్రతా మార్గదర్శినిలో, ఇటువంటి రిమోట్ సాధనాలను కంటైనర్ లోపల నడపవద్దని చెప్పింది.

ఒక కారణం తెరపై ఉన్న ఈ వరుసలోనే ఉంది. డాకర్ అనే కంటైనర్ సాధనం, డాకర్‌ఫైల్‌లోని ఇలాంటి సూచనలతో ఇమేజ్‌ను, అంటే కంటైనర్లకు మూలమైన అచ్చును, పొరలు పొరలుగా (లేయర్లుగా) తయారుచేస్తుంది. డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లలో ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే సర్వర్ గుర్తింపు కీలు తయారై ఇమేజ్ లేయర్‌లో చేరిపోతాయి. కాబట్టి ఆ ఇమేజ్ నుంచి లేచిన కంటైనర్లన్నీ మామూలుగా ఒకే ప్రైవేట్ కీని వాడతాయి, ఇమేజ్‌ను పుల్ (డౌన్‌లోడ్) చేసుకోగలిగిన ప్రతివారికీ అది దొరుకుతుంది. ఆ కీ ఉన్నవారు దారిమధ్యలో కూర్చుని మన సర్వర్‌గా నటించవచ్చు. తరువాతి వరుసలో కీని తొలగించినా, కింది లేయర్‌లో అది చెక్కుచెదరకుండా ఉంటుంది.

[తెరపై: పోర్ట్ మ్యాపింగ్ 2222:22]

ఈ మ్యాపింగ్ హోస్ట్, అంటే కంటైనర్లను నడిపే యంత్రం, 2222 పోర్టును కంటైనర్ 22 పోర్టుకు కలుపుతుంది. ఇందులో ఐపీ చిరునామా రాయకపోతే, డాకర్ మామూలుగా హోస్ట్‌కున్న అన్ని చిరునామాల మీదా పోర్టు తెరుస్తుంది. పైగా ఐపీటేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్ నియమాలను తానే రాసుకుంటుంది కనుక, ఫైర్‌వాల్ సాధనం యూఎఫ్‌డబ్ల్యూలో మూసేశామని మనం నిశ్చింతగా ఉన్న పోర్టు బయటివారికి తెరిచే ఉంటుంది.

మరి లోపలికి వెళ్లవలసి వస్తే? హోస్ట్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించి 'డాకర్ ఎగ్జెక్' వాడితే చాలు. అది కంటైనర్ నేమ్‌స్పేస్‌లలోనే, అంటే కంటైనర్‌ను వేరుచేసే హద్దుల లోపలే, షెల్‌ను (కమాండ్లు టైప్ చేసే చోటును) లేపుతుంది, విడిగా సర్వర్ గాని, కీలు గాని అక్కర లేదు. అయితే సాధారణ అమరికలో ఒకరిని డాకర్ గ్రూపులో చేర్చడమంటే హోస్ట్‌లో రూట్ అధికారం చేతిలో పెట్టడమే. అనేక కంటైనర్లను నిర్వహించే కూబర్నెటీస్‌లో 'ఎగ్జెక్' అనుమతిని ఆర్‌బీఏసీతో (పాత్రలను బట్టి అనుమతులిచ్చే పద్ధతితో) కట్టడి చేయవచ్చు, ఆడిట్ లాగ్‌లో ఎవరు ప్రవేశించారో నమోదు చేయించవచ్చు. కానీ షెల్‌లో వారు ఏం టైప్ చేశారన్నది ఆ లాగ్‌కు తెలియదు.

[తెరపై: హోస్ట్‌లో తెరిచి ఉన్న పోర్టుల జాబితా]

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది 2375 పోర్టు. డాకర్ డీమన్‌ను (నేపథ్యంలో కంటైనర్లను నడిపే ప్రోగ్రామ్‌ను) టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్, గుర్తింపు తనిఖీ లేకుండా దీని మీద తెరిస్తే, అక్కడికి చేరగలిగిన ఎవరైనా హోస్ట్ డిస్కు మొత్తాన్ని మౌంట్ చేసుకునే కంటైనర్‌ను పాస్‌వర్డ్ లేకుండానే నడపగలరు. దూరం నుంచి డీమన్ కావాలంటే ఎస్ఎస్‌హెచ్ మీదుగా డాకర్ కాంటెక్స్ట్ (ఏ డీమన్‌తో మాట్లాడాలో చెప్పే అమరిక) పెట్టుకోండి, లేదా క్లయింట్ సర్టిఫికెట్ అడిగే టీఎల్ఎస్‌తో 2376 వాడండి. మీ జాబితాలో 2375 కనిపిస్తే వీడియోను ఇక్కడే ఆపి, ముందు దాన్ని మూసేయండి.