రాతి గోడ వెనుక ఒక ప్రొఫెసర్

శ్రోతలందరికీ నమస్కారం.

కృష్ణకు వరదొచ్చి సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, నల్లగొండ బస్టాండులో నిలబడటానికి చోటుండదు. ఉన్న 26 గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కపెట్టుకోవడం అందరికీ ఒక సంబరం. నేను మాత్రం పక్కనున్న రాతి గోడనే చూస్తూ ఉండిపోతాను. హైడ్రాలిక్స్, అంటే నీటి ఒత్తిడి, ప్రవాహాల పాఠం చెప్పుకునేవాణ్ని కదా, ఆ గోడను చూస్తే దాని డిజైన్ చేసిన డాక్టర్ కె.ఎల్.రావు గారు గుర్తొస్తారు.

కానూరి లక్ష్మణరావు గారు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా ఇంజినీరింగ్ చదివి, 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. రంగూన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్లు చూశారు. తర్వాత కేంద్ర మంత్రి కూడా అయ్యారు గానీ, నాకు ఆయన ముందుగా ఇంజినీరే.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. పెద్ద యంత్రాలు కొనే స్తోమత దేశానికి అంతగా లేని రోజులవి. ఇక్కడ రాయి ఉంది, పనిచేసే చేతులున్నాయి. అందుకే రాతితో కట్టారు. పాలమూరు కూలీలు పరంజాల మీద రాళ్లు మోశారు. 124 మీటర్ల ఎత్తు! ఆ కూలీల అడుగులు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

జలాశయం ఎంత వెడల్పుంటే గోడ మీద అంత ఒత్తిడి పడుతుందని పిల్లలు అనుకుంటారు. కాదు, లోతును బట్టే ఒత్తిడి. పది మీటర్ల లోతున చేదబావిలోనైనా, సాగర్‌లోనైనా అంతే ఒత్తిడి. కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టే గోడ అడుగున అంత లావు. తన బరువుతోనే అది నీటిని ఆపుతుంది.

ఈ పాఠం అయ్యాక ఒకసారి మర్రిగూడ వైపు పిల్ల లేచి, "సార్, మరి ఆ నీళ్లు మా ఊరికెందుకు రాలేదు?" అని అడిగింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లవి. బోర్డు మీద గీసి చూపించాను: సాగర్ నిండా ఉన్నా నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తే, మీ ఊరు అంతకన్నా ఎత్తున ఉంది, కాలువ ఎత్తుకు పారదమ్మా. సాగర్ జలాశయం ఒడ్డున పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోసేదాకా మన మెట్ట ఊళ్లకు కృష్ణ నీళ్లు ఎక్కలేదు.

ఆ అమ్మాయి ఆ బొమ్మను నోట్సులో గీసుకుని, తన ఊరి దగ్గర ఒక చుక్క పెట్టుకుంది.