దెబ్బ ఎప్పుడో, ఎండేది ఎప్పుడో

అందరికీ నమస్కారం. కాలనీ పెద్దలకు, మునిసిపాలిటీ తోట సిబ్బందికి, సెలవురోజు పొద్దున్నే ఇక్కడ కూర్చోబెట్టినందుకు నన్ను తిట్టుకుంటున్న పిల్లలకు కూడా.

చెట్ల గురించి నన్ను అడిగేవాళ్లలో సగానికి సగం మంది ఒకే మాటతో మొదలుపెడతారు. "మొన్నటిదాకా బానే ఉందండీ, ఉన్నట్టుండి ఎండిపోయింది" అంటారు. పిడుగు పడితే తప్ప ఉన్నట్టుండి ఎండే పెద్దచెట్టు చాలా అరుదు. ఈ వేసవిలో మీ కళ్లముందు ఎండుతున్న చెట్టు మూడేళ్ల కిందటి రోడ్డు పనికో, అంతకుముందు వచ్చిన కరువుకో ఇప్పుడు జవాబు చెబుతూ ఉండొచ్చు. ఈ ఆలస్యం ఎందుకొస్తుందో చెప్పాలనే వచ్చాను.

ముందు పిల్లలకో ప్రశ్న. మీ ఛాతీ ఎత్తున వేపచెట్టుకు ఒక మేకు కొట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి చూస్తే ఆ మేకు ఎంత ఎత్తులో ఉంటుంది? ఎక్కడ అడిగినా చాలామంది "పైకి పోతుంది" అనే అంటారు, పెద్దవాళ్లతో సహా. పోదు. అదే ఎత్తులో ఉంటుంది, కాకపోతే చెట్టు దాన్ని సగమో మొత్తమో మింగేసి ఉంటుంది. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివర్లలో, వేళ్ల చివర్లలో మాత్రమే. మొద్దు లావెక్కడమే గానీ పైకి జరగడం ఉండదు.

లావెక్కించేది బెరడు కింద ఉండే కేంబియం అనే పల్చటి పొర. అది లోపలివైపు చెక్కను, బయటివైపు లోబెరడును తయారుచేస్తూ పోతుంది. చెక్కలోంచి నీళ్లు పైకి ఎక్కుతాయి. ఆకులు వండిన చక్కెర లోబెరడులోంచి కిందికి, వేళ్లదాకా దిగుతుంది. మధ్యలో ఉండే చేవ చచ్చిన కట్టె. శేషాచలం కొండల్లో ఎర్రచందనం దొంగలు ప్రాణాలకు తెగించి నరికేది ఆ చచ్చిన భాగం కోసమే. ప్రాణమంతా చెట్టుకు అంచునే ఉంటుంది కాబట్టి, లోపల మనిషి దూరేంత తొర్ర ఉన్న చింతచెట్టు కూడా ఏటా కాయలు కాస్తుంది. తాటికి, కొబ్బరికి ఈ పొరే లేదు. అందుకే కొబ్బరిచెట్టు ఎక్కడానికి కొట్టిన గాట్లు చెట్టు బతికినంతకాలం పూడవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫ్లెక్సీ కట్టడానికి చెట్టు చుట్టూ బైండింగ్ వైరు బిగిస్తారు, ఎన్నికలైపోయాక ఫ్లెక్సీ చింపుకుపోయి వైరు వదిలేస్తారు. చెట్టు లావెక్కుతుంది, వైరు సాగదు. దగ్గరికెళ్లి చూడండి, వైరుకు పైన మొద్దు ఉబ్బి ఉంటుంది, కింద సన్నగా ఉంటుంది. పైనుంచి దిగాల్సిన చక్కెర అక్కడ ఆగిపోయిందన్నమాట. విచిత్రం ఏమిటంటే, చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. నీళ్లు లోపలి చెక్కలోంచి కదా ఎక్కేది, ఆ దారికి ఢోకా లేదు. వేళ్లు తాము దాచుకున్న పిండిపదార్థం తింటూ నీళ్లు అందిస్తూనే ఉంటాయి. ఆ నిల్వ అయిపోయిన ఏడు, వేళ్లు ఆకలితో చస్తాయి, చెట్టు "ఉన్నట్టుండి" ఎండిపోతుంది. బెరడును చుట్టూ వలిచేసినా ఇదే వరస. అప్పటికి ఫ్లెక్సీలో బొమ్మ ఉన్న నాయకుడు ఎవరో కూడా ఎవరికీ గుర్తుండదు. మొక్కప్పుడు పెట్టిన ఇనప ట్రీగార్డును తీయకపోయినా చివరికి అదే పని చేస్తుంది.

వేళ్ల దగ్గర ఇంకా పెద్ద అపోహ ఉంది. చెట్టు పైన ఎంత ఉందో భూమిలోకి అంత లోతు ఉంటుందని మనం బొమ్మల్లో చూశాం. తల్లివేరు లోతుకు పోయే చెట్లు ఉన్నాయి, కాదనను. కానీ నీళ్లూ పోషకాలూ పీల్చే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైరెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పక్కలకు పాకుతాయి. వాటికి నీళ్లతోపాటు గాలి కావాలి. మనం మొదలు దాకా సిమెంటు పోస్తాం, దాని పక్కనే కేబుల్ కోసం కందకం తవ్వుతాం, తవ్విన మట్టిని తెచ్చి మొదట్లో కుప్ప పోస్తాం. మూడూ వేళ్లను చంపే పనులే. పచ్చదనం పేరు చెప్పి చెట్టు చుట్టూ అరుగు కట్టి అడుగున్నర మట్టి నింపడం వీటన్నిటికంటే ఘోరమని నా అభిప్రాయం. కట్టినవాళ్లకు మేలు చేశామన్న తృప్తి కూడా మిగులుతుంది.

ఇక ఎండలు. వేళ్ల దగ్గరి నీరు యాభై అడుగుల పైనున్న ఆకుకు ఎలా చేరుతుంది? పంపేమీ లేదు. ఆకుల మీది సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ, చెక్క నాళాల్లోని నీరు బావిలోంచి చేదతాడు లాగినట్టు కిందినుంచి పైకి లాక్కుంటుంది. మట్టి ఎండేకొద్దీ ఆ తాడు మీద బిగువు పెరుగుతుంది. ఒక హద్దు దాటితే నాళంలో గాలిబుడగ పుట్టి తాడు తెగుతుంది, ఆ నాళం పనికిరాకుండా పోతుంది. ఈ ప్రమాదం రాకముందే మట్టి ఎండుతోందన్న కబురు ఆకులకు అందుతుంది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి రంధ్రాలను మూయిస్తుంది. మే నెల మధ్యాహ్నం చెట్టు దాదాపు తలుపులు వేసుకుని కూర్చుంటుంది. నీరు మిగులుతుంది కానీ బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, వంట ఆగిపోతుంది, నిల్వ తినాల్సి వస్తుంది. కరువు ఏడాది బతికిన చెట్టు ఆ తర్వాతి ఏళ్లలో పురుగుకో బూజుకో లొంగిపోవడానికి కారణం ఇదే. టేకు మొద్దును అడ్డంగా కోసి చూస్తే ఏటికో వలయం కనిపిస్తుంది, వానలు తక్కువైన ఏళ్ల వలయాలు ఇరుకుగా ఉంటాయి. అందుకే మన దేశంలో పాత రుతుపవనాల లెక్క తీయడానికి శాస్త్రవేత్తలు టేకును వెతుక్కుంటారు. మామిడిలో వలయాలు అంత స్పష్టంగా ఉండవు.

అయితే వేప, కానుగ సరిగ్గా ఎండలు ముదిరే వేళ, ఉగాదికి అటూఇటూగా లేతాకు ఎందుకు వేస్తాయి? వాన రావడానికి ఇంకా రెండు నెలలుందాయె. అంతకుముందే పాత ఆకు రాల్చి నీటి ఖర్చు ఆపేస్తాయి. మొద్దులో మళ్లీ నీరు నిండుతుంది, లోతు వేళ్లు కొంత అందిస్తాయి, ఆ పెట్టుబడితో చిగురు వేస్తాయి. తొలకరి పడేసరికి ఆకు ముదిరి పనికి సిద్ధంగా ఉంటుంది. ఆకు రాలడాన్ని చూసి జబ్బు అనుకుని మందు కొట్టించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

కష్టాన్ని వాడుకోవడం మన రైతుకు ఎప్పుడో తెలుసు. నల్లగొండ బత్తాయి రైతు తోటకు నీళ్లు ఆపి బెట్టకు గురిచేస్తాడు. చెట్టు వాడి, కాస్త ఆకు రాల్చాక ఎరువు వేసి నీళ్లు పెడితే తోటంతా ఒకేసారి పూతకు వస్తుంది. నేల తీరును బట్టి ఎన్నాళ్లు ఆపాలో చూసుకోవాలి. ఒక వారం ఎక్కువైతే కొమ్మలే ఎండుతాయి. కొద్దిపాటి బెట్ట పూత తెస్తుంది, మోతాదు మించితే చెట్టునే తీసుకుపోతుంది.

గాలి సంగతి విశాఖవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో తీరం దాటినప్పుడు నగరం ఒక్క రోజులో బోడిగా మారింది. గాలి చెట్టుకు శత్రువేమీ కాదు. రోజూ కొద్దికొద్దిగా ఊగే మొక్క పొట్టిగా, మొదలు లావుగా, వేళ్లు గట్టిగా పెరుగుతుంది. అందుకే మొక్కను కర్రకు కదలకుండా బిగించి కట్టొద్దంటాను, వదులుగా కట్టి, నిలదొక్కుకున్నాక తీసేయండి. ఒరిగిన చెట్టు కూడా మొద్దుకు పైవైపున లాగే గుణమున్న చెక్కను వేసుకుని మెల్లగా తనను తాను నిలబెట్టుకుంటుంది. కానీ ఒకవైపు వేళ్లు కందకానికి పోయిన చెట్టుకు ఆ వ్యవధి ఇవ్వం కదా.

కరెంటు తీగల కోసం నడినెత్తి నరికేయడం మరో సంగతి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో, వేల చెట్లను రంపంతో నిలువునా కోసి చూసి, 1970ల్లో ఒక విషయం తేల్చాడు. మన పుండు మానినట్టు చెట్టు గాయం మానదు. దెబ్బతిన్న చెక్క మళ్లీ బాగుపడదు, చెట్టు దాని చుట్టూ గోడలు కట్టి, కుళ్లు దాటి రాకుండా ఆపి, పైన కొత్త చెక్క వేసుకుంటూ పోతుంది. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ దగ్గరే ఆ గోడ కట్టే ఏర్పాటు ఉంటుంది. తోట సిబ్బందికి నా మనవి ఇదొక్కటే, మెడను వదిలి దాని బయట కోయండి. మొద్దుకు సమానంగా చెక్కేస్తే చూడ్డానికి నున్నగా ఉంటుంది, లోపల కుళ్లుకు దారి తెరుచుకుంటుంది. నడినెత్తి నరికితే గుబురుగా వచ్చే చిగుళ్లు పైపైన అతుక్కున్నవి, పదేళ్లకు లావెక్కి గాలికి విరిగేవి అవే.

ఈ మధ్య వాట్సాప్‌లో చెట్లు భూమిలోని బూజుతీగల ద్వారా మాట్లాడుకుంటాయని, తల్లిచెట్టు పిల్లలకు అన్నం పెడుతుందని వీడియోలు తిరుగుతున్నాయి. వేళ్లకూ శిలీంధ్రాలకూ స్నేహం నిజమే. మిగతా కథకు అడవిలో దొరికిన రుజువు చాలా పల్చన అని 2023లో ఆ రంగంలోనే పనిచేసే ముగ్గురు శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ తిరగేసి రాశారు. చెట్టు నిజంగా చేసే పనులే ఇంత ఉన్నప్పుడు లేనివి అంటగట్టడం ఎందుకు?

చివరగా మీరంతా అడగబోయే వేపచెట్ల గురించి. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి మాడిపోతుంటే జనం హడలిపోయారు. టీ దోమ అనే పురుగు లేతకొమ్మల రసం పీల్చడం, ఆ గాయాల్లోంచి ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం చేరడం, రెండూ కలిశాయి. చాలా చెట్లు తర్వాత నిద్రమొగ్గల నుంచి చిగురించాయి. కానీ ప్రతి చిగురూ నిల్వలోంచి తీసిన ఖర్చే కాబట్టి, ఏటేటా మాడితే ఎంత పెద్దచెట్టయినా ఓడిపోతుంది. అలాంటి చెట్టు మీ గేటు ముందుంటే నరికించే ముందు బొటనవేలంత కొమ్మ బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకండి. పచ్చదనం దొరికిన చోటికి పైన ఎండుకొమ్మ తీసేయించి, మొదలు చుట్టూ ఉన్న సిమెంటు పగలగొట్టించి, ఒక వానాకాలం ఆగి చూడండి. కొసలు మాడిన రెమ్మలు ఎవరైనా తెచ్చి ఉంటే ఇక్కడ బల్లమీద పెట్టండి, గీకి చూద్దాం.