కోవిడ్ డ్యూటీ చేసిన నర్సులకు దక్కిందేమిటి? – బరంపురం స్టూడియో చర్చ

(ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ప్రేక్షకుల కోసం జరిగిన చర్చ. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్లను కూడా చాలావరకు అలాగే ఉంచాము.)

సమన్వయకర్త: నమస్కారం. కోవిడ్ వార్డుల్లో పనిచేసిన ఔట్‌సోర్సింగ్ నర్సులు, నియామకాల్లో తమ సేవను లెక్కలోకి తీసుకోలేదంటూ మళ్లీ ధర్నాకు దిగారు. ఈ చర్చలో అందరికీ సమానంగా సమయం ఇస్తాను. సిస్టర్ గారూ, సరిహద్దు జిల్లాల్లో తెలుగువారికి జరుగుతున్న అన్యాయంలో ఇదీ ఒక భాగమే కదా?

నర్సు: ఇది భాషతో వచ్చిన అన్యాయం కాదండీ. 2020లో సూరత్ నుంచి కార్మికులు తిరిగివచ్చి, గంజాం జిల్లా కేసులతో అల్లాడిన రోజుల్లో, రెగ్యులర్ నర్సులు, కాంట్రాక్టు నర్సులు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చిన మాలాంటివారు ఒకే షిఫ్టులో పనిచేశాము. పీపీఈ కిట్టు వేసుకున్నాక ఎవరు ఎవరో తెలియదు కనుక గౌను మీద మార్కరుతో పేరు రాసుకునేవాళ్లం. మధ్యలో విప్పే వీలు లేదు కనుక డ్యూటీకి ముందే నీళ్లు తాగడం మానేసేవాళ్లం. అందరిదీ ఒకే పని, కానీ జీతాలు మూడు రకాలు.

నాయకుడు: అమ్మా, ఒక్క నిమిషం...

సమన్వయకర్త: ఆవిడను పూర్తిచేయనివ్వండి.

నాయకుడు: పూర్తిచేయమనండి, కానీ వాస్తవాలు చెప్పాలి. 50 లక్షల బీమాను కేంద్రం 2020 మార్చిలోనే ప్రకటించి, అందులో ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని కూడా చేర్చింది. 2022 అక్టోబరులో రాష్ట్రం కాంట్రాక్టు నియామకాల పద్ధతినే రద్దుచేసి, 57 వేల మంది ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. ఇంతకన్నా ఏ ప్రభుత్వమైనా ఏం చేస్తుంది?

నర్సు: బీమా చనిపోయినవారి కుటుంబానికి అండీ, నేను బతికి డ్యూటీ చేసినవారి గురించి అడుగుతున్నాను. 2022 నిర్ణయం ఏజెన్సీ రిజిస్టరులో ఉన్న మాకు వర్తించలేదు. 100 రోజులు కోవిడ్ డ్యూటీ చేసినవారికి రెగ్యులర్ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని 2021 మే నెలలో ప్రధానమంత్రి కార్యాలయం ప్రకటించింది. ఆ డ్యూటీ చేసినట్టు ధ్రువపత్రం కోసం వెళితే, మీ హాజరు మా దగ్గర లేదు, ఏజెన్సీని అడగమని ఆస్పత్రివారు అన్నారు. మీరు పనిచేసింది ఆస్పత్రిలో కనుక సంతకం వాళ్లే పెట్టాలని ఏజెన్సీవారు అన్నారు.

సమన్వయకర్త: ఆ కాగితాలన్నీ ఒడియాలో ఉండటం వల్ల కూడా...

నర్సు: నాకు ఒడియా చదవడం, రాయడం రెండూ వచ్చండీ.

నాయకుడు: అసలు మూలం అక్కడే ఉంది! 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయిన నాటి నుంచి...

(ఇక్కడి నుంచి ఆయన జిల్లా చరిత్ర అంతా చెప్పుకొచ్చారు. నర్సుల ప్రస్తావన అందులో లేదు కనుక కుదించాము.)

విశ్రాంత వైద్యుడు: నన్ను కొంచెం మాట్లాడనిస్తారా? ఐసీయూలో ఒక్కో పడకకు ఒక నర్సు ఉండాలన్నది నియమం. వెంటిలేటరు కొనడం తేలిక, దాన్ని రాత్రంతా కనిపెట్టుకుని ఉండే మనిషిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. అలా తయారైనవారిని అవసరం తీరగానే పంపించేస్తే నష్టపోయేది, డబ్బు పెట్టి ప్రైవేటుకు వెళ్లలేని కొండప్రాంతపు రోగి. అందువల్ల ఇది ఆవిడ ఉద్యోగం ఒక్కదాని...

నాయకుడు: డాక్టరు గారూ, మీరు రెగ్యులర్ ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నారు కాబట్టి అలాగే మాట్లాడతారు. నేను మళ్లీ చెబుతున్నాను, 57 వేల మంది!

నర్సు: ఆ 57 వేలలో ఏజెన్సీ నర్సులు...

నాయకుడు: నన్ను చెప్పనివ్వండి అమ్మా! పరీక్ష రాసి రండి, ఎవరు వద్దన్నారు?

నర్సు: పరీక్ష వద్దని మేము అనలేదు. మేము చేసిన డ్యూటీకి ఆ పరీక్షలో కొన్ని మార్కులు కలపమని అడుగుతున్నాము.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.)

సమన్వయకర్త: సమయం మించిపోతోంది. సిస్టర్ గారూ, క్లుప్తంగా చెప్పండి, రోగులతో తెలుగులో మాట్లాడినందుకు ఎవరైనా అభ్యంతరం పెట్టారా?

నర్సు: ఎవరూ పెట్టలేదండీ. ధ్రువపత్రం మీద సంతకం ఎవరు పెట్టాలో ఈ పెద్దలనే...

నాయకుడు: ఈ గడ్డ మీద మన హక్కుల కోసం మేము చేసిన పోరాటాలు ఆవిడకు తెలియవు!

సమన్వయకర్త: పెద్దలు చెప్పినట్టు, దీన్ని భాషా మైనారిటీల సమస్యగానే చూడవలసి ఉంటుంది. చర్చలో పాల్గొన్న ముగ్గురికీ ధన్యవాదాలు.

విశ్రాంత వైద్యుడు: నేను సగమే చెప్పాను...