హామీ సంతకం పెట్టమన్నారు: జ్ఞానం కోసం ప్రార్థన ఎలా చేయాలి?

[తెర మీద: ఒక అప్పు పత్రం. కింద "హామీదారు సంతకం" అన్న చోట ఖాళీ గీత.]

మీ స్నేహితుడు అప్పు తీసుకుంటున్నాడు. హామీ సంతకం పెట్టమని మిమ్మల్ని అడిగాడు. మనిషి మంచివాడే, అవసరమూ నిజమే. శుక్రవారంలోగా ఏ సంగతో చెప్పాలి. మీరేమో "ప్రార్థన చేసి చెబుతాను" అన్నారు.

నిజం చెప్పాలంటే, మనం ఈ మాటను ఎక్కువగా వాడేది మొహమాటం లేకుండా తప్పించుకోవడానికి. శుక్రవారం వస్తుంది, ప్రార్థన జరగదు, సంతకం మాత్రం జరిగిపోతుంది. ఆ మాట అన్నాక దాన్ని నిజంగా చేస్తే ఎలా ఉంటుంది? ఏం చదవాలి, ఏం అడగాలి, ఎవరిని సంప్రదించాలి? ఈ ఒక్క సంతకాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

[తెర మీద: యాకోబు 1:5-8]

జ్ఞానం గురించి ప్రార్థన అనగానే అందరికీ గుర్తొచ్చే వచనం ఇదే. జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడు. "గద్దింపక" అన్న మాటను మనం గబగబా దాటేస్తాం. అదే ప్రశ్నతో ఐదోసారి వెళ్లినా "మళ్లీ వచ్చావా" అని ఆయన అనడు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువే మూడుసార్లు అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతోంది. కాబట్టి మళ్లీ మళ్లీ అడగడం తప్పు కాదు.

చిక్కు ఆరో వచనంలో ఉంది. సందేహించకుండా విశ్వాసంతో అడగాలి, సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడు అంటాడు యాకోబు. ఇది చదివి చాలామంది బెదిరిపోతారు. "నా మనసులో కాస్త అనుమానం ఉంది, ఇక నా ప్రార్థన వినబడదు" అనుకుంటారు. కానీ మార్కు 9లో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేక వేశాడు. అతని కొడుకు బాగుపడ్డాడు. వణుకుతూ అడిగినవాణ్ణి ప్రభువు వెనక్కి పంపలేదు. యాకోబు హెచ్చరిస్తున్నది ఎనిమిదో వచనంలో ఉన్న ద్విమనస్కుణ్ణి. ఒక కాలు దేవుని మాట మీద, రెండో కాలు ముందే తీసేసుకున్న నిర్ణయం మీద వేసి నిలబడేవాణ్ణి.

అలాంటివాళ్లు ఎలా ప్రార్థిస్తారో చూడాలంటే యిర్మీయా 42 తెరవండి. యెరూషలేము పడిపోయింది. మిగిలిన జనం సేనాధిపతి యోహానాను వెంట బయలుదేరి బేత్లెహేము దగ్గర దిగారు. అక్కడి నుంచి ఎటు? 41:17లోనే ఉంది, ఐగుప్తుకు. మూటాముల్లె సర్దుకుని దారిలో ఆగాక యిర్మీయా ప్రవక్త దగ్గరకు వచ్చి, మాకోసం ప్రార్థించు, మేలైనా కీడైనా దేవుడు చెప్పింది వింటాం అన్నారు. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్లవద్దు. దానికి వాళ్లన్నది, "నీవు అబద్ధమాడుతున్నావు." ఆ పైన ఐగుప్తుకు వెళ్లనే వెళ్లారు, యిర్మీయానూ వెంటబెట్టుకుపోయారు.

[తెర మీద ఒక్క ప్రశ్న: "దేవుడు వద్దంటే నేనేం చేస్తాను?"]

అందుకని మొదటి ప్రార్థన సంతకం గురించి కాదు, ఈ ప్రశ్న గురించి. జవాబు "అయినా పెడతాను" అయితే, ప్రస్తుతానికి మీరు అడుగుతున్నది ఆమోదం. జ్ఞానం అడగడం ఇంకా మొదలవలేదు. ఆ సంగతే దేవుని ముందు ఒప్పుకోండి. "ప్రభువా, నా మనసు ముందే ఒక వైపు ఒరిగిపోయింది, దాన్ని తిప్పు" అన్నది పూర్తి ప్రార్థనే.

[తెర మీద: తెల్ల కాగితం, పైన ఒక వాక్యం రాస్తున్న చెయ్యి.]

ఇప్పుడు కాగితం తీసుకోండి. పైన ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. "ఈ విషయంలో నన్ను నడిపించు" అని రాస్తే చాలదు. దానికి ఏ జవాబు వచ్చినా సరిపోతుంది. "ఈ అప్పుకు నేను హామీ ఉండాలా?" అని రాయండి. దాని కింద మధ్యలో గీత గీసి, ఒక పక్క తెలిసినవి, రెండో పక్క తెలియనివి. అప్పు ఎంత, ఎన్నేళ్లు, వడ్డీ ఎంత, వాయిదా తప్పితే నన్ను ఎప్పుడు అడుగుతారు, అసలు మాత్రమే నా మీద పడుతుందా లేక వడ్డీతో కలిపా, అతనికి ఇంకా ఎన్ని అప్పులున్నాయి, ఇంట్లో భార్యకో భర్తకో ఈ సంగతి తెలుసా.

ఇలా రాస్తే సాధారణంగా తెలియని పక్కే నిండిపోతుంది. సంగతి వినకముందే జవాబిచ్చేవాడు మూఢత బయటపెట్టుకుని సిగ్గుపడతాడు అని సామెతలు 18:13 అంటుంది. ఫోన్ చేసి అడిగితే తెలిసే విషయాన్ని దర్శనంలో చూపించమని దేవుణ్ణి అడగడం విశ్వాసం కాదు, బద్ధకం. అప్పు పత్రం మొత్తం చదవడం కూడా ఈ ప్రార్థనలో భాగమే.

దీనికి తలకిందులైన పొరపాటు యెహోషువ 9లో ఉంది. గిబియోనీయులు పక్కనే ఉంటూ, దూరదేశం నుంచి వచ్చామని నాటకమాడారు. ఇశ్రాయేలు పెద్దలు వాళ్ల ఎండిపోయి బూజుపట్టిన రొట్టెలు చూశారు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు చూశారు. విచారణ చేశారు, కానీ యెహోవా దగ్గర మాత్రం ఆలోచన అడగలేదు. మూడు రోజులకే మోసం బయటపడింది, అప్పటికే వాళ్లను బతకనిస్తామని ప్రమాణం చేసేశారు. చాలా కాలం తర్వాత అదే గిబియోనులో సొలొమోను వివేకం గల హృదయం కావాలని దేవుణ్ణి అడిగాడు, 1 రాజులు 3లో. అడగక బోల్తాపడిన కథా, అడిగి పొందిన కథా ఒకే ఊరి పేరుతో ఉండటం కాకతాళీయమే కావచ్చు, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం బాగుంటుంది.

కాగితం మీద ఉన్నవాటిలో కొన్నింటికి ప్రార్థన అక్కర్లేదు. ఇంట్లో చెప్పకుండా సంతకం పెట్టవచ్చా? ఆదాయం ఎక్కువ చేసి రాయవచ్చా? అబద్ధం మాని సత్యమే మాట్లాడమని ఎఫెసీ 4:25 ఎప్పుడో చెప్పేసింది. వాటిని కొట్టేసి ముందుకు వెళ్లండి.

[తెర మీద: సామెతలు 6:1-5, 11:15, 17:18, 20:16, 22:26-27, 27:13]

ఇప్పుడు వాక్యం. "రోజుకో అధ్యాయం చొప్పున ముప్ఫై ఒక్క రోజుల్లో సామెతలు" అనే పద్ధతి మంచిదే, కానీ శుక్రవారం లోపల తేల్చుకోవాల్సినవాడికి అది చాలదు. విషయానికి సంబంధించిన వచనాలన్నీ ఒకచోటికి తెచ్చుకోవాలి. బైబిల్ యాప్‌లో "పూటపడు", "జామీను" అని వెతకండి. హామీ ఉండటం గురించి సామెతలు ఆరు చోట్ల మాట్లాడుతుంది, ఆరు చోట్లా హెచ్చరికే. 22:27 అయితే మరీ సూటిగా, చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారు అంటుంది.

అక్కడే ఆగిపోకండి. ప్రతి వచనానికీ పైదీ కిందదీ చదవండి. 17:18 పూటపడేవాణ్ణి తెలివిలేనివాడు అంటుంది. దానికి సరిగ్గా పైనున్న 17:17 ఏమంటుందో తెలుసా? నిజమైన స్నేహితుడు విడువక ప్రేమిస్తాడు, దుర్దశలో సహోదరుడిలా ఉంటాడు. రెండూ పక్కపక్కనే. స్నేహితుణ్ణి వదిలేయకూడదు, తెలివి లేకుండా హామీ ఉండకూడదు. మీరున్న ఇరకాటం కూడా అచ్చం ఇదే.

బైబిల్లో హామీ ఉన్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఆదికాండము 43లో బెన్యామీను కోసం యూదా పూటపడ్డాడు. ఆపద వచ్చినప్పుడు 44లో తమ్ముడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమన్నాడు. ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే నా లెక్కలో వేయమని, నేనే తీరుస్తానని పౌలు ఫిలేమోనుకు తన చేత్తో రాశాడు. ఇద్దరిలోనూ ఒకటే సంగతి. "అంతదాకా రాదులే" అనుకుని కాదు, వస్తే మోయడానికి సిద్ధపడే మాటిచ్చారు.

దీన్ని మీ కాగితం మీదికి తెస్తే లెక్క తేలికే. ఈ అప్పు మొత్తం రేపు నేనే కట్టాల్సి వస్తే ఇల్లు గడుస్తుందా? కట్టాక కూడా అతని మీద కోపం లేకుండా ఉండగలనా? రెండింటిలో ఏ ఒక్కదానికి "లేదు" అన్నా, మొత్తం అప్పుకు హామీ ఉండటం మీ పని కాదు. అయితే సామెతలు 3:27-28 కూడా చదవండి. చేయగలిగిన మేలు ఆపవద్దు, దగ్గర ఉంచుకుని "రేపు రా" అనవద్దు అంటుంది. అంటే సంతకం పెట్టడం, పెట్టకపోవడం మధ్య మూడో దారి ఉంది: ఇవ్వగలిగినంత, తిరిగి అడగకుండా ఇవ్వడం. జ్ఞానం కోసం అడిగినప్పుడు తరచుగా ఇలాగే, మొదట కనిపించని దారి కనిపిస్తుంది.

[తెర మీద: నెహెమ్యా 1-2]

ప్రార్థనకు పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు, ఫోన్ పక్క గదిలో పెట్టి. ముందు చిన్న కీర్తన ఒకటి పైకి చదవండి. లేకపోతే కూర్చోగానే మనసు లెక్కల్లోకి పోతుంది. తర్వాత కాగితం ముందు పెట్టుకుని ఇలా అడగండి: "తండ్రీ, ఈ అప్పు విషయంలో నాకు సరిగా తెలియడం లేదు. వద్దంటే అతను నొచ్చుకుంటాడని నా భయం. ఆ భయంతో నిర్ణయం తీసుకోనివ్వకు. నాకు తెలియాల్సింది తెలియజేయి, చెప్పాల్సిన మాట ప్రేమగా చెప్పనివ్వు." భయాన్ని పేరు పెట్టి చెప్పడం ముఖ్యం. హామీ సంతకాలు చాలావరకు దయతో పడవు, కాదనలేక పడతాయి. మనుషుల భయం ఉరి తెస్తుందని సామెతలు 29:25.

ఇక సమయం లేనప్పుడు? పర్షియా రాజు కొలువులో ఉన్న నెహెమ్యా కిస్లేవు నెలలో యెరూషలేము సంగతి విని ఏడ్చి ఉపవాసం ఉన్నాడు. నీసాను నెలలో రాజు "నీకేం కావాలి" అని అడిగాడు. అంటే నాలుగు నెలల ప్రార్థన వెనక ఉంది. అయినా రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య, 2:4లో, ఒక్క క్షణం ప్రార్థించాడు. వెంటనే అడిగినవి చూడండి: ఎన్నాళ్లు పడుతుందో సమయం, నది అవతలి అధికారులకు తాకీదులు, మ్రానుల కోసం అడవి కాపరి ఆసాపుకు ఒక తాకీదు. నాలుగు నెలలు మోకరించినవాడి దగ్గర చిట్టా కూడా సిద్ధంగా ఉంది. స్నేహితుడు ఫోన్‌లో "ఏమంటావు" అని అడిగిన క్షణంలో మీరు చేయగల ప్రార్థన కూడా అంతే పొట్టిది. వెనక పదిహేను నిమిషాల రోజులు ఉంటే అది సరిపోతుంది.

ఆలోచన అడగడానికి ఇద్దరు ముగ్గురు చాలు. ఒకరు డబ్బు వ్యవహారం తెలిసినవారు, ఒకరు మిమ్మల్ని కాదనగలిగేవారు. సొలొమోను కొడుకు రెహబాము మూడు రోజుల గడువు తీసుకుని పెద్దలనూ అడిగాడు, తనతో పెరిగిన యువకులనూ అడిగాడు. తనకు నచ్చింది చెప్పినవాళ్ల మాట పట్టుకున్నాడు, రాజ్యం రెండు ముక్కలైంది. స్నేహితుడి పేరు మాత్రం చెప్పకండి. "ప్రార్థన విన్నపం" పేరుతో ఒకరి అప్పు సంగతి సంఘమంతా తిరగడం మనం చూడనిది కాదు.

[తెర మీద: గొఱ్ఱెబొచ్చు, పైన ప్రశ్నార్థకం.]

గుర్తుల మాట. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టడం వాక్యం వినడం కాదు. కీర్తన 91ని సందర్భం నుంచి తెంచి చెప్పడం మత్తయి 4లో సాతాను చేసిన పని. న్యాయాధిపతులు 6లో గిద్యోను గొఱ్ఱెబొచ్చు పరిచి గుర్తు అడిగింది తెలియని చిత్తం కనుక్కోవడానికి కాదు. దేవుడు ముందే చెప్పేశాడు, "నీవు సెలవిచ్చినట్లు" అని అతనే అంటున్నాడు. "నాకు సమాధానంగా ఉంది", అంటే మనసుకు నెమ్మదిగా ఉంది, అన్నది కూడా ఒంటరిగా సాక్ష్యం కాదు. యోనా దేవుని నుంచి పారిపోతూ ఓడలో గాఢంగా నిద్రపోయాడు. ప్రభువు తండ్రి చిత్తానికి లోబడుతూ గెత్సేమనేలో చెమటోడ్చాడు. నెమ్మది ఉంటే సంతోషం, లేకపోయినంత మాత్రాన నిర్ణయం తప్పు కాదు.

జవాబు మీరే చెప్పండి, మీ పేరు మీద చెప్పండి. "దేవుడు వద్దన్నాడు" అంటే అవతలివాడికి మాట్లాడే దారి మూసేసినట్టే. "మొత్తం అప్పుకు హామీ ఉండే స్తోమత నాకు లేదు. ఇంత మాత్రం ఇవ్వగలను, తిరిగి ఇవ్వక్కర్లేదు" అనండి. ఫోన్ పెట్టేశాక యాకోబు 3:17 చదివి, మీ మాటలో ఆ సమాధానం, ఆ మృదుత్వం, ఆ కనికరం ఉన్నాయో లేదో చూసుకోండి. గరుకుగా అనేసి ఉంటే మళ్లీ ఫోన్ చేయవచ్చు, నిర్ణయం మార్చక్కర్లేదు.

సంతకం ఇప్పటికే పెట్టేసినవాళ్లకు సామెతలు 6:3-5 ఉంది. కళ్లకు నిద్ర, రెప్పలకు కునుకు రానివ్వకుండా వెళ్లి, తగ్గించుకుని, స్నేహితుణ్ణి బతిమాలి, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు బయటపడమంటుంది. ఆచరణలో అంటే, ఇంట్లో ఇవాళే చెప్పేయడం, అప్పు ఇచ్చినవారిని బాకీ ఎంత మిగిలిందో రాతపూర్వకంగా అడగడం, హామీదారుణ్ణి మార్చే వీలుందేమో కనుక్కోవడం, స్నేహితుడితో ఎదురెదురుగా కూర్చుని వాయిదాల లెక్క చూడటం. వీలు లేదంటే, ఇచ్చిన మాట వల్ల నష్టం కలిగినా తప్పనివాడి గురించి కీర్తన 15:4 చెబుతుంది. అప్పుడు రోజువారీ ప్రార్థనలో విన్నపం మారుతుంది: అతని వాయిదాలు ఆగకుండా సాగాలని, మీరు కట్టాల్సి వస్తే అందుకు నెలనెలా కొంత పక్కన పెట్టగలిగే క్రమం కావాలని.