గండం గడిచిందని ఊరుకోకండి
(గుంటూరు బ్రాడీపేటలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, లిఫ్టులో రోజూ పలకరించే అందరికీ నమస్కారం. ఫైర్ సేఫ్టీ గురించి మాట్లాడమన్నారు. నేను మంట గురించి కాదు, గాలి ఆడనిచోట గ్యాసో బొగ్గో మండితే పుట్టే, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గురించి చెబుతాను.

మా బావగారు మిర్చి యార్డులో గుమాస్తా. ఏ కొట్లో ఎన్ని తేజా రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగాయో పుస్తకం చూడకుండా చెప్పేవారు. ఒక చలికాలం పొద్దున బాత్రూమ్ కిటికీ బిగించి, గ్యాస్ గీజర్ వేసుకుని స్నానానికి వెళ్లారు. ఎంతకీ రాకపోతే తలుపు పగలగొట్టాం. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. లేచారు, ఇడ్లీ తిన్నారు. అక్క కొబ్బరికాయ కొట్టింది. ఆయన మళ్లీ యార్డుకీ వెళ్లారు.

కొన్ని వారాలకు మొదలైంది. చొక్కా గుండీ పట్టుకుని, ఏం చేయాలో తోచక అలాగే నిలబడేవారు. కంచంలో అన్నం పెడితే చెయ్యి కలిపేది కాదు. అడుగులు చిన్నవయ్యాయి. మూత్రం తెలియకుండా పోయేది. ఒకరోజు అక్కనే "మీరెవరండీ?" అన్నారు. చుట్టాల్లో ఒకాయన తాగుడేమో అన్నాడు. అక్క ఆ మాట ఇవాళ్టికీ మరచిపోలేదు.

డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లున్నాయి. "నెలన్నర కనిపెట్టి ఉండండి" అన్న ఒక్క ముక్క లేదు. నా బాధ అదే!

ఈ వాయువు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగం వదులుతుంది. కానీ రక్తం బాగుపడినా మెదడులో చెడు ఆగకపోవచ్చు. నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. అది సాధారణంగా 2 నుంచి 40 రోజుల మధ్య బయటపడుతుంది. చాలామంది ఏడాదిలోగా కోలుకుంటారు. బావగారికి నడక వచ్చింది. లెక్కలు రాలేదు.

కోవిడ్ నుంచీ మన ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్లున్నాయి. అందులో 98 చూసి ధైర్యపడకండి. హిమోగ్లోబిన్‌కు పట్టింది ఆక్సిజనో, ఈ వాయువో ఆ పరికరానికి తెలియదు. రక్తపరీక్ష చేయమని అడగండి.

అమ్మా, ముందు వరసలో పెద్దవాళ్లూ! బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది కదా? పక్కన పసిగుడ్డు ఉంటుంది. దయచేసి మానండి.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉన్నవాళ్లు చేతులెత్తండి... ఇంతమందా! రేపే బయటికి మార్పించండి.

సెక్రటరీ గారూ, మిగతా అజెండా కాసేపు ఆపండి. సెల్లార్‌లో జనరేటర్ పొగగొట్టం వాచ్‌మన్ గది కిటికీ వైపు ఉంది. కరెంటు పోయినప్పుడల్లా పిల్లలు తలనొప్పి అంటున్నారని వాళ్లమ్మ నాతో చెప్పింది. ఆ గొట్టం ఎప్పుడు తిప్పిస్తారో ఇక్కడే, అందరి ముందూ చెప్పండి.